విపత్తుల్లో చావుల లెక్క నేర్పే కోర్సు: 12,000 పెట్టొచ్చా?

విద్యానగర్ వైపు ఒక సందులో, కింద జిరాక్స్ షాపు, పైన రెండంతస్తుల్లో నడిచే ఒక ట్రైనింగ్ సంస్థలో ఈమధ్య ఒక చిన్న కోర్సు చేశాను. వరదో యుద్ధమో కరువో వచ్చి జనం ఇళ్ళు వదిలి శిబిరాల్లో తలదాచుకున్నప్పుడు, అక్కడ ఏ రోగం ఎంత పాకుతోంది, ఎంతమంది పోతున్నారు అన్నది ఎలా పట్టుకోవాలో నేర్పుతారు. ఫీజు 12,000, మధ్యాహ్నం భోజనం అందులోనే. సంస్థ పేరు రాయడం లేదు. కింద కొంచెం గట్టిగానే అన్నాను కాబట్టి పేరు వద్దులెండి. ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళకు ఈపాటికే అర్థమై ఉంటుంది.

చదివే ఓపిక లేనివాళ్ళకు ముందే చెప్పేస్తున్నా. మొదటి సగం పెట్టిన డబ్బుకు రెట్టింపు విలువ చేస్తుంది. చివరి రోజు దండగ. మధ్యలో ఒక పూట మూసీ పక్కన బస్తీకి తీసుకెళ్ళారు చూడండి, దానికోసమైనా వెళ్ళొచ్చు.

నేను సర్వే ఏజెన్సీల్లో ఫీల్డ్ సూపర్‌వైజర్‌ని. సబ్బుల సర్వే నుంచి పిల్లల బరువుల సర్వే దాకా ఏది దొరికితే అది చేస్తాను. ఇంటింటికీ తిరిగే సర్వేయర్లను చూసుకోవడం, ఫారాలు సరిచూడటం, చెట్టు కింద కూర్చుని నింపిన దొంగ ఫారాలు పట్టుకోవడం నా పని. కాబట్టి ఈ రివ్యూ డాక్టరు కళ్ళతో రాసింది కాదు. బ్యాచ్‌లో మిగతావాళ్ళు కూడా రకరకాలు: మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఇద్దరు ఏఎన్ఎంలు, సోషల్ వర్క్ చదువుతున్న పిల్లలు, ఒక హోమియో డాక్టరు, గచ్చిబౌలి నుంచి రోజూ క్యాబ్‌లో దిగే ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి. పాఠాలు చెప్పింది ఇద్దరు. ఆఫ్రికా శిబిరాల్లో ఏళ్ళతరబడి పనిచేసి వచ్చిన ఒక డాక్టరుగారు, స్టాటిస్టిక్స్ చెప్పిన ఒక మేడం.

డాక్టరుగారు మొదటి గంటలోనే బోర్డు మీద ఒక లెక్క వేశారు. ఒక శిబిరంలో 20,000 మంది ఉన్నారు. 30 రోజుల్లో 84 మంది పోయారు. పదివేల మందికి రోజుకు ఎంతమంది పోయినట్టు? అందరం ఫోన్లు తీసి నొక్కాం. 1.4 వచ్చింది. మామూలు రోజుల్లో ఆ ప్రాంతంలో ఎంతమంది పోయేవారో తెలియకపోతే, ఒకటి దాటిందంటే అత్యవసరం అనుకోవాలట, ఐదేళ్ళలోపు పిల్లలకైతే రెండు. సహాయ సంస్థలన్నీ వాడే గీత ఇదే. "మరి ఈ శిబిరం పరిస్థితి ఏంటి?" అన్నారాయన. ప్రమాదమే సార్ అన్నాం. ఆయన 20,000 కొట్టేసి 30,000 రాశారు. రేషన్ జాబితాలో ఉన్న తలలు అన్ని అట. మళ్ళీ నొక్కితే 0.93. పోయినవాళ్ళు అదే 84 మంది. గీత కిందికి దిగిపోయాం.

నాకు ఆ క్షణంలో ఫీజు వసూలైపోయింది. ఇన్నేళ్ళూ ఎవరు మాట్లాడినా పైనున్న లవం గురించే గొడవ, ఎంతమంది పోయారు అని. కింద హారం ఎవడిచ్చాడని అడిగినవాళ్ళను నేను చూడలేదు. శిబిరంలో రేషన్ కోసం ఒకే కుటుంబం రెండు చోట్ల పేరు రాయించుకుంటుంది. వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు కొట్టేసేవాళ్ళుండరు. చనిపోయినవాళ్ళ సంగతి చెబితే బియ్యం తగ్గుతాయి కాబట్టి చెప్పరు. అంటే ఒకే అబద్ధం హారాన్ని పెంచుతుంది, లవాన్ని తగ్గిస్తుంది, రెండూ కలిసి శిబిరం బాగున్నట్టు చూపిస్తాయి. దీనికి ఆఫ్రికా దాకా పోనక్కర్లేదు, పోయిన తాత పేరు రేషన్ కార్డులోంచి తీయించడానికి మన దగ్గర మాత్రం ఎవరు తొందరపడతారు? అందుకే జాబితాను నమ్మకుండా గుడిసెలు లెక్కపెట్టి, కొన్ని గుడిసెల్లో తలలు లెక్కపెట్టి, సగటుతో గుణిస్తారట. ఉపగ్రహం ఫొటోల్లో పైకప్పులు లెక్కపెట్టేవాళ్ళూ ఉన్నారు.

దీని తర్వాత ఆయన 1994 గోమా సంగతి చెప్పారు. రువాండాలో నరమేధం తర్వాత ఆ జులైలో లక్షలమంది సరిహద్దు దాటి అప్పటి జైర్ (ఇప్పటి కాంగో) లోని గోమాకు చేరారు. అక్కడి నేల అగ్నిపర్వతం కక్కిన రాయి, గొయ్యి తవ్వడానికి గడ్డపార దిగదు. పోయినవాళ్ళను చాపల్లో చుట్టి రోడ్డు పక్కన పెట్టేవారు, లారీలు వచ్చి ఎత్తుకెళ్ళేవి. ఆ ఎత్తుకెళ్ళిన శవాల లెక్కే మరణాల లెక్క అయింది: నెలరోజుల్లో 48 వేల పైచిలుకు. మొదట కలరా, వెంటనే రక్త విరేచనాలు. నేల మెత్తగా ఉండుంటే ఎవరికి వారు తమవాళ్ళను పూడ్చుకునేవారు, ఈ అంకె మనకు దొరికేది కాదు. ఇంత స్పష్టమైన లవం దొరికినా రేటు మాత్రం పదివేలకు రోజుకు 20 నుంచి 35 దాకా అనే చెబుతారు. ఎందుకంటే అక్కడ ఉన్నది ఐదు లక్షలమందా, ఎనిమిది లక్షలమందా అన్నది తేలలేదు. బోర్డు మీద లెక్క తర్వాత ఈ కథ చెప్పడంతో హోమియో డాక్టరు కూడా ఫోన్ పక్కన పెట్టి విన్నారు.

రోగాల నిఘా గురించి చెప్పిన భాగం ఏఎన్ఎంల వల్ల బాగుంది. సిలబస్ వల్ల కాదు. వాళ్ళు మన దగ్గర రోగాల నిఘా కార్యక్రమంలో లక్షణాలు చూసి రాసే ఎస్ ఫారాలు నింపీ నింపీ ఉన్నవాళ్ళు. శిబిరాల్లో ల్యాబ్ ఉండదు, పరీక్ష చేసే తీరిక ఉండదు. అందుకని ఎవరు చూసినా ఒకేలా గుర్తుపట్టేటట్టు లక్షణాలతో కేసును నిర్వచిస్తారు. 24 గంటల్లో మూడు లేక అంతకంటే ఎక్కువసార్లు నీళ్ళ విరేచనమైతే ఒక గడి. జ్వరం, దద్దుర్లు, వాటితోపాటు దగ్గో ముక్కు కారడమో కళ్ళు ఎర్రబడటమో ఉంటే తట్టు అనుమానం. తట్టు ఒక్క కేసు చాలు, పరుగెత్తాలి. ఉన్నట్టుండి కాళ్ళు చచ్చుబడిన పిల్లవాడు ఒక్కడు కనిపించినా అంతే. మలేరియా లాంటివైతే ముందు మూడు వారాల సగటుకు ఒకటిన్నర రెట్లు దాటితే అప్పుడు గంట కొట్టాలి. 2017 చివర్లో బంగ్లాదేశ్‌లోని రోహింగ్యా శిబిరాల్లో కంఠసర్పి (డిఫ్తీరియా) వచ్చినప్పుడు, అక్కడికి వెళ్ళిన డాక్టర్లలో చాలామంది ఆ రోగాన్ని పుస్తకాల్లో చూడటమే తప్ప మనిషిలో చూడలేదట. "మా నల్లకుంట ఫీవరాసుపత్రికి పంపి ఉంటే సూపిద్దుము గద సార్" అంది ఏఎన్ఎం ఒకావిడ. డాక్టరుగారితో సహా అందరం నవ్వాం, కానీ ఆవిడ అన్నది నిజమే.

ఇక్కడే సాఫ్ట్‌వేర్ అబ్బాయికీ ఈవిడకీ చిన్న వాదన జరిగింది. అభ్యాసంలో ఒక శిబిరంలోని పది క్లినిక్‌ల వారం రిపోర్టులు ఇచ్చారు. ఆ అబ్బాయి గంటలో ల్యాప్‌టాప్‌లో రంగుల మ్యాప్ తయారుచేశాడు. ఎర్ర చుక్కలు, పసుపు చుక్కలు, మూల క్లినిక్ ఒకటి చక్కటి ఆకుపచ్చ. ఆవిడ లేచి, "ఆ క్లినిక్ నుంచి మూడు వారాల సంది కాయితమే రాలే బాబూ, నువ్వేమో పచ్చ రంగేసినవ్" అంది. "ఖాళీ అంటే జీరోనే కదండీ." "ఎట్లయితది? జీరో అని ఎవరన్న రాస్తెనే జీరో."

ఈ ఒక్క సంగతి మీద మేడం అరగంట మాట్లాడారు, అరగంటా దండగ కాలేదు. రోగులెవరూ రాకపోతే సున్నా అని రాసి పంపడం కూడా రిపోర్టే. రాయకపోతే అక్కడ రోగం లేదని అర్థం కాదు. నర్సు పారిపోయిందేమో, దారి తెగిందేమో, ఫోన్ చార్జింగ్ లేదేమో. అన్నిటికంటే ఎక్కువ ఇబ్బందుల్లో ఉన్న క్లినిక్కే అన్నిటికంటే నిశ్శబ్దంగా ఉంటుంది. అందుకే ఎన్ని కేసులు వచ్చాయన్న వరుస పక్కనే, ఎన్ని క్లినిక్‌లు రిపోర్టు పంపాయన్న వరుస కూడా ఉండి తీరాలి. ఆ అబ్బాయి ఏమీ అనుకోకుండా కూర్చుని బూడిదరంగు చుక్క పెట్టుకొచ్చాడు. మంచి పిల్లాడు.

చార్జింగ్ మాట వచ్చింది కాబట్టి, ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికోసం పెట్టె ఒకటి తయారుచేసి పంపుతుంది, దాని గురించి చూపించారు. అందులో 60 మొబైల్ ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ఒక లోకల్ సర్వర్, సోలార్ జనరేటర్, సోలార్ చార్జర్లు ఉంటాయి. ఒక్క పెట్టె సుమారు 15,000 డాలర్లు, దాంతో 50 క్లినిక్‌లు, దాదాపు 5 లక్షల జనాభా నడిపించొచ్చు. ఫొటోల్లోనే చూపించారు, పెట్టె ఎదురుగా లేదు. ఫోన్‌లో ఫారాలు నింపే యాప్ మాత్రం మా ఫోన్లలో వేసి నేర్పారు. అది నాకు రోజూ ఉండేదే కాబట్టి ఆ పూట నేను టీ తాగుతూ గడిపాను, తెలియనివాళ్ళకు ఉపయోగమే.

ఇక బస్తీ సంగతి.

సర్వే చేసి మరణాల రేటు కట్టేటప్పుడు, గడచిన కొన్ని నెలల్లో ఇంట్లో ఏం జరిగిందో అడగాలి. ఎప్పటినుంచి అన్నది జనానికి తేదీగా గుర్తుండదు కాబట్టి పండుగను పట్టుకుంటారు. మాకు బతుకమ్మ పెట్టారు. బతుకమ్మ నాటికి ఈ ఇంట్లో ఎవరెవరున్నారు, ఇవాళ ఎవరెవరున్నారు, మధ్యలో ఎవరు వచ్చారు, ఎవరు వెళ్ళారు, ఎవరు పుట్టారు. ప్రాక్టీసు కోసం జనం ఇళ్ళలో చావుల గురించి అడగకూడదని ముందే గట్టిగా చెప్పారు, ఆ ప్రశ్న ఫారంలోంచి తీసేశారు. అది నాకు నచ్చింది. మన నేర్చుకోవడానికి ఇంకొకరి ఏడుపు వాడుకోకూడదు కదా. ఆశా వర్కరు ముందు రోజే వెళ్ళి ఇంటింటికీ చెప్పి ఉంచింది. జోడీలుగా పంపారు. మా జోడీ వెంట మేడం వచ్చారు.

గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయ ఈనె తీస్తున్న ఒక ముసలావిడ దగ్గర ఆగాం. నా జోడీ పిల్ల నిజామాబాద్ పిల్ల, మాట తీరు బాగుంటుంది.

"బతుకమ్మ పండుగప్పుడు ఇంట్ల ఎంతమందున్నరు పెద్దమ్మా?"

"ఆరుగురం. గిప్పుడు గూడ ఆరుగురమే. ఏమన్న ఇస్తరా?"

"ఏమియ్యం పెద్దమ్మా, నేర్సుకుంటున్నం."

"నేర్సుకోన్రి." పేర్లు చెప్పింది: పెద్ద కొడుకు, కోడలు, ఇద్దరు మనవరాండ్లు, చిన్న కొడుకు, తను. ఎవరూ రాలేదు, ఎవరూ పోలేదు. వరుసలో తర్వాత ప్రశ్న, మధ్యలో ఎవరన్నా పుట్టిన్రా అని. ఈనె తీస్తున్న చెయ్యి ఆగింది.

"పుట్టిండు. మొగపిలగాడు. ఇరవయ్యొక్క దినాలు గాలే. పేరు గూడ వెట్టలే ఇంక. ఆన్ని గూడ రాస్తరా మీరు?"

మేడం ఫారం మూసేయమని సైగ చేసి, ఆవిడ పక్కన గుమ్మం మీద కూర్చున్నారు. కోడలు ఎలా ఉందని అడిగారు. పనికి పోతోందట. కాసేపు చిక్కుడుకాయల ధర గురించి కూడా మాట్లాడుకున్నారు. ఆ ఇంట్లో మేము ఇంకేమీ రాయలేదు.

మధ్యాహ్నం క్లాసులో మేడం ఇల్లు ఏదో చెప్పకుండా ఆ వరుసను బోర్డు మీద వేశారు. మొదట ఆరుగురు, ఇప్పుడు ఆరుగురు. "మీ ఇంట్లో ఎవరైనా చనిపోయారా" అని నేరుగా అడిగితే ఆ ఇంట్లో వచ్చే జవాబు లేదనే. పుట్టుకల ప్రశ్న లేకపోతే కాగితం మీద ఆ బిడ్డ పుట్టనూ లేదు, పోనూ లేదు. పేరు పెట్టని బిడ్డను ఇంటి మనుషుల్లో కలిపి చెప్పే అలవాటు చాలా చోట్ల ఉండదు. శిబిరాల్లో ముందు రాలిపోయేదేమో వాళ్ళే. నేను ఎన్నో వేల ఫారాలు సరిచూసినదాన్ని, ఇంటి జాబితాలో ప్రశ్నల వరుసను ఇంత జాగ్రత్తగా ఎందుకు పెడతారో ఇంత బాగా చెప్పినవాళ్ళు లేరు. మా ఏజెన్సీల్లో అయితే "ఫారంలో ఉన్నట్టే అడుగు" అనడమే ట్రైనింగ్.

ఇదే పూటలో చెప్పిన ఇంకో రెండు ముక్కలు కూడా పనికొచ్చేవే. అందరూ పోయిన ఇంట్లో తలుపు తీసేవాళ్ళే ఉండరు కాబట్టి సర్వేలో ఆ ఇల్లు రాదు, నిజమైన రేటు సర్వే రేటు కంటే ఎక్కువే అయి ఉంటుంది. రెండోది, బాధాకరమైన సంగతి ఎప్పుడు జరిగినా నిన్నమొన్న జరిగినట్టే అనిపిస్తుంది కాబట్టి పండుగకు ముందు పోయినవాళ్ళను కూడా ఇటువైపు చెప్పేస్తారు, అప్పుడు రేటు పెరుగుతుంది. ఒకటి కిందికి లాగుతుంది, ఒకటి పైకి. దొంగ ఫారాల గురించి నేనే అడిగాను. వయసులన్నీ ఐదు, పది, పదిహేను అని గుండ్రంగా పడుతుంటే అనుమానించాలని, ఒక టీమ్ వెళ్ళిన ఇళ్ళలో మాత్రమే చావులు తక్కువగా ఉంటే మళ్ళీ వెళ్ళాలని చెప్పారు. సరిపోలేదు. ఎక్కువ ప్రశ్నలు పడతాయని చావు ఉన్న ఇంటిని కూడా లేదని రాసేసే సర్వేయర్లను నేను చూశాను. దాన్ని పట్టుకోవడానికి మళ్ళీ అడగడం తప్ప దారి లేదు, దానికి బడ్జెట్ ఎవరిస్తారన్న ప్రశ్నకు జవాబు రాలేదు.

శాంపిల్ భాగం పొడిపొడిగా సాగింది. 30 క్లస్టర్లు (అంటే పక్కపక్క ఇళ్ళ గుంపులు), జనాభాను బట్టి వాటిని ఎంచుకోవడం, ఊరి మధ్యలో పెన్ను తిప్పి అది చూపించిన దిక్కుకు నడిచే పాత పద్ధతి, అందులో మధ్యలో ఉన్న ఇళ్ళకే ఎక్కువ అవకాశం రావడం. తెలిసినవాళ్ళకు తెలిసిందే, తెలియనివాళ్ళకు అర్థం కాలేదు.

దాని తర్వాతి ఆట మాత్రం అదిరింది. రెండు జట్లను వేర్వేరుగా బయటికి పంపి చుట్టుపక్కల టీ బండ్లన్నీ రాసుకురమ్మన్నారు. ఒక జట్టు 12 రాసింది, ఇంకో జట్టు 10. రెండింట్లోనూ ఉన్నవి 8. పన్నెండును పదితో గుణించి ఎనిమిదితో భాగిస్తే 15. అంటే ఎవరూ చూడనివాటితో కలిపి 15 బండ్లు ఉండాలి. జాబితాలు వేరువేరుగా తయారై, వాటిలో కలిసిన పేర్లు ఎంత తక్కువగా ఉంటే, అసలు సంఖ్య అంత పెద్దది. జిరాక్స్ షాపాయన్ని అడిగితే వేళ్ళు మడిచి 19 తేల్చాడు. ఎందుకు తక్కువొచ్చింది? రెండు జట్లూ మెయిన్ రోడ్డు మీదే తిరిగాయి, ఎండ కదా. లోపలి గల్లీలో ఉన్నవి ఎవరికీ పడలేదు.

ఇదే లెక్కను గాజాలో వాడారు. ఆసుపత్రుల జాబితా, ఆన్‌లైన్‌లో బంధువులు నింపిన సర్వే, సోషల్ మీడియాలో వచ్చిన సంతాప ప్రకటనలు, ఈ మూడింటిలోని పేర్లు పోల్చారు. 2023 అక్టోబరు 7 నుంచి 2024 జూన్ 30 వరకు గాయాలతో పోయినవాళ్ళు 64,260 మంది అని అంచనాకు వచ్చారు. అప్పటికి అక్కడి ఆరోగ్య శాఖ లెక్క 37,877. సూడాన్‌లో ఖార్టూమ్ రాష్ట్రానికి కూడా ఇలాగే చేశారు: 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలయ్యాక 14 నెలల్లో అన్ని కారణాలతో 61 వేలకు పైగా పోయారని. టీ బండ్ల ఆట ఆడినవాళ్ళకు ఈ అంకెలు చూడగానే వచ్చే ప్రశ్న ఒకటే, లోపలి గల్లీలో ఉన్నదెవరు అని. సోషల్ మీడియాలో సంతాపం రాయడానికి కూడా ఒక బంధువు బతికి ఉండాలి, ఫోన్‌లో సిగ్నల్ ఉండాలి. పేపర్లో ఇలాంటి అంకె చూస్తే ఇదివరకు ఎక్కువ చెప్పారా తక్కువ చెప్పారా అని మాత్రమే ఆలోచించేదాన్ని. ఇప్పుడు ఎలా లెక్కపెట్టారో చూస్తున్నాను.

ఇంత బాగా నడిచిన కోర్సు చివరి రోజుకు చేతులెత్తేసింది. ఆ రోజు అంశం 'అంకెల మీద తగాదాలు'. అసలు రుచి అక్కడే ఉండాలి. 2017 సెప్టెంబరులో ప్యూర్టోరికోను తాకిన మరియా హరికేన్ గురించి ఒక స్లైడ్: ప్రభుత్వం చెప్పింది 64, తర్వాత ఒక యూనివర్సిటీ అంచనా 2,975, ఇళ్ళ సర్వే చేసిన ఇంకో బృందం అంచనా 4,645. ఆ మూడో అంకె వెనక 793 నుంచి 8,498 వరకు ఎంతైనా కావచ్చన్న విస్తృతి ఉంది. కరెంటు లేక డయాలసిస్ ఆగి పోయినవాళ్ళను తుపాను చావుగా రాయాలా వద్దా అన్నదే ఆ తగాదాలో సగం. దీని మీద గంట మాట్లాడించాల్సింది, పది నిమిషాల్లో స్లైడ్ మార్చేశారు. కోవిడ్ గురించి ఒకే వాక్యం. 2020, 2021 రెండేళ్ళకు భారత్‌లో అదనపు మరణాలు, అంటే మామూలుగా పోయేవాళ్ళకంటే ఎక్కువ పోయినవాళ్ళు, 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటే, మన అధికారిక కోవిడ్ లెక్క అందులో దాదాపు పదో వంతు. ప్రభుత్వం ఆ పద్ధతినే తప్పుబట్టింది. ఎవరు ఏ లెక్కన అన్నారో విప్పి చెప్పమంటే, "అది సెన్సిటివ్ అండీ, టైమ్ లేదు" అన్నారు. టైమ్ ఎందుకు లేదంటే పొద్దున గంటన్నర సేపు సంస్థ డైరెక్టరుగారు వచ్చి సంస్థ చరిత్ర చెప్పారు.

నాకింకో బాధ ఉంది. స్లైడ్లన్నీ గోమా, దార్ఫుర్, హైటీ. మనవి లేవా? 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో ఎంతమంది పోయారంటే సర్కారు లెక్క పదివేల పైచిలుకు, జనం నోట యాభై వేల దాకా వినిపిస్తుంది. అంత తేడా ఎందుకొచ్చిందో ఒక పూట కూర్చుని విప్పొచ్చు: కూలికొచ్చి ఏ జాబితాలోనూ లేనివాళ్ళు, ఇల్లు ఇల్లంతా కొట్టుకుపోతే అడగడానికి మిగలనివాళ్ళు. బస్తీకి పోయిన దారిలోనే అఫ్జల్‌గంజ్ ఉంది. 1908 మూసీ వరదలో ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి బతికినవాళ్ళు 150 మంది అని ఇప్పటికీ చెప్పుకుంటాం. పోయినవాళ్ళు మాత్రం పదిహేను వేలని ఒకరు, ఇంకా ఎక్కువని ఒకరు. బస్సు ఆ చెట్టు పక్కనుంచే వెళ్ళింది, ఎవరూ ఒక్క మాట అనలేదు.

మిగతావి చకచకా. భోజనం బాగుంది, పప్పు, గోంగూర పచ్చడి, పెరుగు, శుక్రవారం బగారా అన్నం కూడా. హాల్లో ఏసీ మరీ ఎక్కువ, చున్నీ కప్పుకుని కూర్చున్నాం. స్లైడ్లన్నీ ఇంగ్లీషులోనే, నోట్సు ఇవ్వలేదు, అడిగితే మెయిల్ చేస్తామన్నారు, ఇప్పటికీ చేయలేదు. ఏఎన్ఎంలకు డాక్టరుగారే ఓపిగ్గా తెలుగులో మళ్ళీ చెప్పేవారు. సర్టిఫికెట్లో ఇంటిపేరు తప్పుపడింది, మార్చి ఇవ్వడానికి 300 అడిగారు, తప్పు వాళ్ళదే అయినా. చేరేటప్పుడు ఆఫీసులో కూర్చున్నతను "అంతర్జాతీయ సంస్థల్లో అవకాశాలు ఉంటాయి మేడం" అని ఊరించాడు. డాక్టరుగారిని విడిగా అడిగితే ఈ సర్టిఫికెట్ చూసి ఎవరూ విదేశాలకు పిలవరని, ఫీల్డ్ అనుభవం, ఇంగ్లీషు, ఫ్రెంచో అరబిక్కో వస్తే అప్పుడు చూడొచ్చని మొహమాటం లేకుండా చెప్పారు. ఆయన మీద గౌరవం పెరిగింది, ఆ ఆఫీసతని మీద తగ్గింది.

ఎవరు వెళ్ళొచ్చంటే, సర్వే పని చేసేవాళ్ళు, ఏఎన్ఎంలు, వరద సహాయానికి వెళ్ళే స్వచ్ఛంద సంస్థలవాళ్ళు తప్పకుండా. జిల్లా పేజీలు చూసే విలేకరులకు కూడా పనికొస్తుంది. ఉద్యోగం కోసమే అయితే వద్దు. స్టాటిస్టిక్స్ నేర్చుకోవడానికైతే అసలే వద్దు, ఆ 12,000 వేరే చోట పెట్టుకోండి.

డబ్బు కట్టే ముందు రెండు సంగతులు కనుక్కోండి. పాఠం చెప్పేది ఆ డాక్టరుగారూ ఆ మేడమేనా, బస్తీకి తీసుకెళ్తున్నారా లేదా. మా ముందు బ్యాచ్‌కు వాన పేరు చెప్పి బస్తీ ప్రాక్టీసు ఎత్తేసి, ఆ పూట వీడియో చూపించారట. అలాగైతే మాత్రం ఫీజు తగ్గించమని అడగండి. రసీదు కూడా అడిగి తీసుకోండి, అడగకపోతే ఇవ్వరు.